రాజుగారి వంకర ముక్కు

"సింహం మీద పడుతుంటే మీ రాజుగారు మనవైపు చూస్తాడేంటి? పెళ్ళిచూపులకు కూర్చున్నాడా?"

తూబా మాటకు పనివాళ్ళంతా కిసుక్కున నవ్వారు. పలకల మీద వేటబొమ్మ వేస్తున్న ఇస్కందర్ మాత్రం కుంచె ఆపలేదు.

"రాజులు అలాగే చూస్తారు, తూబా ఖానుం. చూసేవాళ్ళు లేకపోతే వేటెందుకు?"

"ఆ నడుమేంటి, చీమ నయం! గడ్డం లేకపోతే రాజో రాణో తెలిసేది కాదు."

షీరాజ్‌లో ఉస్తాద్ రజబ్ చేసే పింగాణీ పలకలకు పేరుంది. ఆయన కూతురు తూబా నోటికి అంతకంటే పేరుంది. వచ్చిన సంబంధాలన్నీ ఆ నోటికి జడిసి గుమ్మంలోంచే తిరిగిపోయాయి. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఈ వంకర ముక్కు ఇస్కందర్ ఒక్కడే ఆమె తిట్లు తిని నిలబడ్డాడు. అతను పనికి రాని రోజు ఆమెకు ఏమీ తోచేది కాదు. దాన్ని ప్రేమ అని ఎవరైనా అంటే మొహాన రంగు కొట్టేది.

మర్నాడు అంచుల్లో పూలు వేద్దామని వచ్చి, తూబా ఆగిపోయింది. బొమ్మలో రాజు చూపు పైకి తిరిగింది. అక్కడ ఒక మేడ, దానిమీద కొత్తగా ఒక రాణి వెలిసింది. గడ్డం మీద తూబా పుట్టుమచ్చ, తూబాలాగే మూతి తిప్పుడు.

"రాణులు మూతి తిప్పుతారా?"

"ఈవిడ తిప్పుతుంది. అందుకే రాజు సింహాన్ని కూడా మర్చిపోయాడు." ఇస్కందర్ కుంచె పక్కన పెట్టాడు. "నచ్చకపోతే ఇప్పుడే తడిగుడ్డతో తుడిచెయ్యండి. బట్టీలో కాలాక ఎవరి తరమూ కాదు. నేను మా ఊరు వెళ్ళిపోతాను."

తూబా తడిగుడ్డ తీసుకుంది. ఇస్కందర్ తల దించుకున్నాడు.

ఆమె రాజు మొహం తుడిచేసింది.

"ఈ మొహం నాకు మొదట్నుంచీ నచ్చలేదు. కదలకుండా కూర్చో, నీ ముక్కు గీయడం మాటలా!"

బట్టీ చల్లారాక ఉస్తాద్ రజబ్ పలకలన్నీ వరసగా పేర్చి, చాలాసేపు చూశాడు.

"ఏరా, రాజవంశంలో ఈ ముక్కెక్కడిదిరా? రాణిగారి మచ్చ మాత్రం మా ఇంటిదే."

ఆయన గోటితో పలకను గీకి చూశాడు.

"తుడిచేద్దామంటే కాలిపోయె! ఇంకేం చేస్తాం? నిఖాకు ముల్లాను పిలవండి. ఈ పలకలు ఇంట్లోనే బిగిద్దాం. కొనేవాడికి ఇంకో రాజును గీసివ్వరా అల్లుడూ."

"ఆ రాజుకైనా కాస్త నడుము పెట్టమను, బాబా," అంటూ తూబా తండ్రివైపు తిరిగి మూతి తిప్పింది.