అమావాస్య గుంపు మేస్త్రి

"మా ఇంట్ల జూదం నడవదు. లేవుండ్రి అందరు!"

భవ్యశ్రీ నోట నేను విన్న మొదటి మాట ఇదే. అన్నది నా ఒక్కడితో కాదు. గద్వాలలో వాళ్ల మగ్గాల ఇంట్లో, గుంట మగ్గాల అంచుల మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న ఇరవై నాలుగు మందితో. కానీ పాచికలు నా చేతిలో ఉన్నాయి కాబట్టి ఆ చూపు మొత్తం నా మీదే దిగింది. ఆమె చేతిలో టీ గ్లాసుల ట్రే ఉండబట్టి బతికిపోయాను.

"జూదం కాదండీ, రోల్ ప్లేయింగ్ గేమ్," అన్నాను.

"పేరు ఇంగ్లీషుల ఉంటే జూదం కాదా?"

"పైసల్ లేవు. నేను కథ చెప్త. వీళ్లంత ఆ కథల మనుషులైతరు. ఏం జేయాల్నో వాళ్లిష్టం. అది అయితదా కాదా అన్నది పాచిక చెప్తది."

"కథ చెప్పెటందుకు వనపర్తి నుంచి వచ్చినవా?"

"నేనే రమ్మన్ననే," అన్నాడు విజయ్. వాడు నా డిగ్రీ క్లాస్‌మేట్. భవ్యశ్రీకి అన్న.

నిజానికి ఈ ఆటకు ఐదుగురు చాలు. వాడు పిలిచిందీ ఐదుగురినే. అయితే అమావాస్య నాడు వాళ్ల వీధిలో మగ్గం ఆడదు. అందరికీ సెలవే. ఐదుగురిని పిలిస్తే వీధి మొత్తం వచ్చి కూర్చుంది.

నేను గొంతు సవరించుకుని, "మీ ముందర పాత కోట ఉన్నది. తలుపు మూసి ఉన్నది," అన్నాను.

అంతే. నలుగురు తలుపును తన్నారు. ఒకాయన తలుపుకు దండం పెట్టాడు. ఇద్దరు దాన్ని ఊడబీకి అమ్ముదామన్నారు. విజయ్ వాళ్ల అవ్వ జమ్ములమ్మ, పట్టుబట్టి దొంగ వేషం తీసుకున్న ఆమె, అప్పటికే గోడ దూకి లోపల ఉన్నానంటోంది. ఎవరి మాట వినాలో తెలియక నేను తల పట్టుకున్నాను.

గుమ్మంలో నిలబడి చూస్తున్న భవ్యశ్రీకి ఓపిక పోయింది. "ఏం మనుషులే మీరు! మన దిక్కు పనికి పోయే గుంపుకు మేస్త్రి ఉండడా? అందరు కలిసి మేస్త్రికి చెప్పుండ్రి. మేస్త్రి ఒక్కడే ఈ సారుకు చెప్తడు."

"అయితే నువ్వే మేస్త్రివి. కూసో," అంది అవ్వ.

ట్రే విజయ్ చేతుల్లోకి మారింది. భవ్యశ్రీ నా ఎదురుగా కూర్చుంది. ఇటు చెవి పెట్టి విన్నది, అటు చెవి పెట్టి విన్నది, ఇద్దరిని గదిమింది, ఒకరిని బుజ్జగించింది. చివరికి నావైపు తిరిగి, కనుబొమ్మ ఒకటి పైకెత్తి, "గుంపు తేల్చింది. అవ్వ లోపట్నుంచి గడియ తీస్తది," అంది.

ఆ కనుబొమ్మ పైకి లేచిన దగ్గర నా పని అయిపోయింది.

తర్వాత ప్రతి అమావాస్యకూ గద్వాల బస్సెక్కడం నాకు అలవాటైంది. వనపర్తిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. అమావాస్య వస్తే చాలు సెలవు పెడుతున్నానని మా ప్రిన్సిపాల్ ఒకరోజు తలుపు దగ్గరగా వేసి మరీ అడిగాడు.

"శేఖర్, పూజలు గిట్ల ఏమన్న జేస్తున్నవా?"

"లేదు సార్. కడుపునొప్పి."

"అమావాస్యకే వస్తదా?"

మర్నాడు స్టాఫ్ రూంలో నా కుర్చీకి ఎవరో నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. నేను విప్పలేదు. ప్రేమలో ఉన్నవాడికి రక్షణ అవసరమే కదా.

చిక్కేమిటంటే, మేస్త్రి సొంత మాట చెప్పకూడదు. గుంపు తేల్చిందే చెప్పాలి. ఆ రూలు పెట్టిందీ భవ్యశ్రీయే, ఒక్కసారి కూడా తప్పలేదు. దాంతో గద్వాలలో ఇరవై నాలుగు మందికి ఏం కావాలో నాకు తెలిసింది కానీ, భవ్యశ్రీకి ఏం కావాలో తెలియలేదు.

ఆషాఢ అమావాస్య నాడు అసలు గొడవ మొదలైంది.

"ఇంతమంది కలిసి ఒక్క మాట తేల్చెవరకు నిద్ర వస్తుంది. రెండు గుంపులు చేద్దాం. రెండోది భవ్య నడుపుతది," అన్నాడు విజయ్.

భవ్యశ్రీ ముఖం వెలిగిపోయింది. "నాకు వస్తది సారూ! ఇన్ని నెలల సంది చూస్తున్న. కథ గూడ అనుకున్న."

"వద్దు," అన్నాను.

"ఎందుకు?"

"పాచికలు ఒక్క జతే ఉన్నయి."

"కొంట."

"జాగ లేదు."

"పక్కింట్ల వెంకటన్న మామ ఇస్తనన్నడు."

"కథ చెప్పుడంటే... అంత ఈజీ కాదు భవ్యా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె ఖాళీ గ్లాసులు ఒక్కొక్కటే ట్రేలో పెట్టింది. "గట్లనా. నాకు రాదంటవ్," అని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు మళ్లీ బయటికి రాలేదు.

ఆమెకు రాదని కాదు. నాకంటే బాగా నడుపుతుందని మొదటి రోజే తెలుసు. కానీ ఆట రెండుగా చీలితే ఆమె పక్కింట్లో, నేను ఈ ఇంట్లో. నెలకు ఒక్క రోజు చూసే ముఖం కూడా గోడకు అవతల ఉంటుంది. ఆ సంగతి చెప్పే ధైర్యం లేక పాచికల మీద, జాగా మీద నెట్టాను. సారీ అని మెసేజ్ పెట్టాను. చూసింది, జవాబివ్వలేదు. నెలంతా ఫోన్ పట్టుకుని పరేషాన్ అయ్యాను.

మళ్లీ అమావాస్య వచ్చింది. రేకుల మీద వాన దంచుతోంది. భవ్యశ్రీ వచ్చి నా ఎదురుగా కూర్చుంది కానీ ముఖం చూడలేదు.

"గుంపు ఒక మాట అడుగుతుంది. రెండో ఆట ఎందుకు వద్దంటున్నరు మీరు? పాచికల ముచ్చట, జాగ ముచ్చట వద్దు. నిజం చెప్పుండ్రి."

నువ్వు కాస్తా మీరు అయింది. ఇక దాచుకుని లాభం లేదనిపించింది.

"నువ్వు నాకన్న మంచిగ నడుపుతవ్," అన్నాను. "కని నువ్వు పక్కింట్ల కూసుంటే నేనెవర్ని చూస్కుంట కథ చెప్పాలె? బస్సుల కూసొని కథ ఆలోచించుకుంట వస్తనని అనుకుంటున్నరు మీరంత. పెబ్బేరు దాటితే నాకు కథ యాదికుండదు, నువ్వే ఉంటవ్. నాకు నువ్వంటే ఇష్టం భవ్యా."

గుంపు, అలవాటు ప్రకారం, చర్చ మొదలుపెట్టింది.

"చెప్పుడైతే మంచిగనే చెప్పిండు."

"వనపర్తి దూరమేం గాదు."

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాడు విజయ్.

"చెప్తే రానిచ్చేటోనివా?"

వాడు నిజాయితీగా ఆలోచించి, "లేదు," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

"ఆగుండ్రి!" భవ్యశ్రీ లేచి నిలబడింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. "ఇది గుంపు తేల్చేది కాదు. నేను చెప్పాలె."

నావైపు తిరిగి నోరు తెరిచింది. అంతలో జమ్ములమ్మ అవ్వ చెయ్యి వచ్చి ఆ నోటి మీద పడింది.

"అమావాస్య నాడు గిసుంటి మాట చెప్తరానే? జర ఆగు!"

విజయ్ పరుగున వెళ్లి గోడ క్యాలెండర్ చూశాడు. "నాలుగు దాటినంక పోతది అవ్వా."

అప్పుడే మధ్యాహ్నం అన్నాలు తిని కూర్చున్నాం. ఇరవై నాలుగు మంది ఒక్కసారే ఉసూరుమన్నారు. ఒక్కరూ లేవలేదు.

వెనకనుంచి ఎవరో సందేహం అడిగారు. "అవ్వా, ఒద్దు అనేదయితే? అది గూడ ఆగాల్నా?"

అవ్వ ఆలోచించింది. "ఒద్దనెటందుకు ముహూర్తమెందుకు? అది ఎప్పుడన్న చెప్పొచ్చు."

అందరి తలలూ భవ్యశ్రీ వైపు తిరిగాయి.

అవ్వ చెయ్యి తీసేసింది. భవ్యశ్రీ నన్ను చూసింది. పెదాలు రెండూ గట్టిగా బిగించింది. ఎంత బిగించినా నవ్వు ఆగడం లేదు. కానీ ఒక్క మాట కూడా అనలేదు.

ముందు విజయ్ ఈల వేశాడు. తర్వాత ఇల్లంతా ఈలలే. నేను లేచి నిలబడ్డానో, కూర్చున్నానో నాకు తెలియదు. జీవితంలో అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

"ఇగ చాలు!" భవ్యశ్రీ నా చేతిలోంచి పాచికలు లాక్కుంది. "నాలుగు దాక ఊకె కూసునుడెందుకు? నా ఆట ఇప్పుడే మొదలు. సారూ, నువ్వు పోయి అవ్వ పక్కన కూసో."

నేను గుంట మగ్గం అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నాను. ఆమె కథ మొదలుపెట్టింది. మొదటి పది నిమిషాల్లోనే నన్ను పట్టుకుని, కట్టేసి, చెరసాలలో వేసింది. ఎందుకని అడిగితే, "అబద్ధాలు చెప్పినందుకు," అంది. గుంపులో ఎవరూ విడిపించడానికి రాలేదు. అవ్వ అయితే నా జేబులు కూడా కొట్టేసింది.

కథలో పడి గడియారం సంగతి నేనే మర్చిపోయాను. అవ్వ మర్చిపోలేదు.

"పోయిందే అమావాస్య! పాడ్యమి గూడ పెద్ద మంచిదేం గాదు గని, ఈ పిల్లగాడు ఇంకో దినం ఆగేటట్టు లేడు. చెప్పు!"

భవ్యశ్రీ పాచికలు పక్కన పెట్టింది.

"నాకూ ఇష్టమే," అంది. ఎవరి వైపూ చూడకుండా, ఎవరినీ అడగకుండా, నాతోనే అంది. "ఆదివారం మీ అమ్మను తోల్కరా. మా ఇంట్లోళ్లతోని మాట్లాడని."

"మరి ఆట?" అడిగాను. "నువ్వొక ఇంట్ల, నేనొక ఇంట్ల..."

"కథ ఒక్కటే గద సారూ. నీ గుంపు ఏం జేసిందో నాకు తెల్వాలె, నా గుంపు ఏం జేసిందో నీకు తెల్వాలె. లేకపోతే రెండు కథలు కలుస్తయా? అమావాస్య దాక ఆగితే ఎట్ల? వారం వారం కూసొని మాట్లాడుకోవాలె." ఆ కనుబొమ్మ మళ్లీ లేచింది. "గీ మాత్రం తట్టలేదా ఫిజిక్స్ సారుకు?"

నిజంగానే తట్టలేదు. నేను నెల రోజులు ఏడ్చింది ఇందుకేనా అనుకుని తల కొట్టుకున్నాను.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకే అమ్మను ఎక్కించాను.