కుక్కపిల్ల లేవని పుస్తకం

“తండ్రి పోయిన పిల్లకి చావు బొమ్మలా చూపించేది?” అంటూ లక్ష్మీతిరుపతమ్మ ఆ బొమ్మల పుస్తకాన్ని కోడలి చేతిలోనుంచి లాగేసుకుంది. భావన నిర్ఘాంతపోయింది.

కర్ణాటకలోని హట్టి బంగారు గనిలో పనిచేసే ఆమె భర్త నాగేంద్రబాబు నిద్రలోనే గుండె ఆగి పోయాడు. శవాన్ని ముందుగదిలో పడుకోబెట్టినప్పుడు నాలుగేళ్ళ కూతురు కీర్తితో “నాన్న నిద్రపోతున్నాడు” అన్నారు. మర్నాడు “డ్యూటీకి వెళ్ళాడు” అంది నాయనమ్మ. అప్పటినుంచి షిఫ్టు మారిన ప్రతిసారీ ఆ పసిది క్వార్టర్స్ గేటు పట్టుకొని, గనినుంచి తిరిగివచ్చే ప్రతి ముఖంలోనూ తండ్రిని వెతుక్కుంటోంది.

నోటితో చెప్పే ధైర్యం భావనకు చాలలేదు. అందుకే బస్సెక్కి లింగసుగూరు వెళ్ళి, దుకాణంలోని పిల్లల పుస్తకాలన్నీ తిరగేసింది. ఒకదానిలో చనిపోయిన తాతయ్య నక్షత్రమయ్యాడు. ఇక పిల్ల ఆకాశంకేసి చూస్తూ నిలబడుతుందనుకొని పక్కన పెట్టింది. మరొకదానిలో దేవుడు పిలిచాడు. పిలిచినవాడు తిరిగి పంపడా అని అడిగితే ఏం చెప్పాలి? చివరకు, చనిపోయిన కుక్కపిల్లను పిల్లలు మట్టిలో పూడ్చిపెట్టే కన్నడ పుస్తకం ఎంచుకుంది. అందులో ఏ మాయా లేదు.

“తెలిసీ తెలియని వయసు. కొన్నాళ్ళు అట్టాగే నమ్మనియ్యి భావనా,” అంది అత్తగారు.

“ఎన్నాళ్ళని దాన్ని ఆ గేటు దగ్గర నిలబెడదాం అత్తయ్యా?”

ఇంతలో కీర్తి వచ్చి లక్ష్మీతిరుపతమ్మ ఒళ్ళో కూర్చొని, కథ చెప్పమంది. కన్నడం చదవడం రాని నాయనమ్మ బొమ్మలు చూసి సొంతంగా అల్లసాగింది.

“ఇదిగో, కుక్కపిల్ల నిద్రపోతా ఉంది. ఆడి ఆడి అలిసిపోయింది, నీకు మల్లేనే.”

“నేనట్టా నోరు తెరిచి పడుకోను.”

“పడుకుంటావులే, గురక కూడా పెడతావు.”

“మరి వీళ్ళేం చేస్తున్నారు?”

“చలేస్తదని దుప్పటి కప్పుతున్నారు.”

“మొహం మీద కూడానా?”

ముసలామె వేలు బొమ్మమీద ఆగిపోయింది.

“నాన్నకి కూడా మొహం మీదాకా కప్పారుగా నాయనమ్మా. ఎత్తుకెళ్తుంటే కూడా లేవలేదు. డ్యూటీకి రోజూ నువ్వే లేపుతావుగా, ఆ రోజు ఎందుకు లేపలేదు?”

కొడుకు పోయిన నాటినుంచి లక్ష్మీతిరుపతమ్మ ఎవరి ముందూ కంటతడి పెట్టలేదు. డ్యూటీకి వెళ్ళాడన్న మాటను మనవరాలికంటే ముందు తానే నమ్మిందేమో...

“లేపానమ్మా,” అంది పుస్తకం మూసేసి. “ఎంత లేపినా లేవలేదు. నాన్న చచ్చిపోయాడు తల్లీ. ఇంక లేవడు.”

“రేపు?”

“రేపు కూడా లేవడు.”

కీర్తి ఏడవలేదు. కాదని చెప్పమన్నట్లు తల్లి ముఖంకేసి చూసింది. నిజమే చెప్పాలని ఇంతకాలం పట్టుబట్టిన భావన ఆ చూపును తట్టుకోలేకపోయింది. అత్తగారు అల్లిన అబద్ధం, ఈ ఒక్కసారికి, నిజమైతే ఎంత బాగుండును అనిపించింది. అయినా నాయనమ్మ చెప్పింది నిజమేనన్నట్లు నెమ్మదిగా తల ఊపి, బిడ్డను దగ్గరకు తీసుకుంది.