ఉప్పు అని నొక్కిన చెయ్యి

ఉదయం ఆరుంపావుకి సుభాషిణి పలక మీద ఎనభై ఏడు గుండెలు పచ్చగా ఉన్నాయి. రెండు పసుపులోకి జారాయి. ఒకటి ఎర్రబడింది. కాఫీ గ్లాసు కిటికీలో పెట్టి, ఆ ఎర్రది ఎవరిదో పేరు చూడకుండానే చెప్పగలననుకుంది. చూస్తే అదే. గనగళ్ళ కాసులమ్మ, యాభై ఎనిమిదేళ్ళు, ఎత్తుసంతలో చేపలమ్ముతుంది, గుండె పిండే బలం మామూలు మనిషిలో మూడో వంతు.

తూకంపీట మూడు రోజుల్లో రెండు కిలోల మూడువందల గ్రాములు పెరిగిందంటోంది. ఛాతీబిళ్ళ, ముప్పై అయిదు దాటకూడని ఊపిరి తడి నలభై ఒకటని చూపిస్తోంది. అది తిండికి వచ్చిన బరువు కాదు, ఒంట్లోంచి బయటికి పోలేక నిలిచిపోయిన నీరు. ఆ అంకెల కింద, జిల్లాలో గుండెలన్నిటినీ చదివే యంత్రం పెద్దబుర్ర తన మాట తాను అప్పుడే రాసిపెట్టేసింది: "కారణం: ఉప్పు. నమ్మకం: నూటికి తొంభై నాలుగు."

"మళ్ళీ తిన్నావన్నమాట," అంది సుభాషిణి పలకతో, విసుగ్గా.

ఆమె గుండెకాపరి. తొంభై బలహీనపు గుండెలు ఆమె కాపలాలో ఉంటాయి. హృదయశాల నుంచి ఇంటికొచ్చినవాళ్ళు ముప్పై రోజుల గీత దాటేదాకా మళ్ళీ పడకెక్కకుండా చూడడం ఆమె పని. ఇరవై ఏళ్ళ కిందట ఇంటికెళ్ళిన ప్రతి నలుగురిలో ఒకరు నెల తిరక్కుండా ఎగశ్వాసతో వెనక్కి వచ్చేవాళ్ళు. పడకలు చాలక వరండాల్లోనే కొందరు పోయేవాళ్ళు. ఇప్పుడు నూటికి ముగ్గురు. అందుకు పెద్దబుర్రని మెచ్చుకోని మనిషి జిల్లాలో లేడు. పెద్దబుర్రకి పాఠాలు నేర్పిన చేతుల్లో సుభాషిణి చెయ్యి ఒకటి. నాలుగేళ్ళు వరసగా ఆదర్శ కాపరి అని ఆమె నమోదులనే తీసి దానికి మేత వేశారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకి కాస్త గర్వంగానే ఉండేది, ఎందుకు దాచాలి?

కాసులమ్మ ఉండే కాలనీకి దారి ఇప్పుడు పడవలోనే. సముద్రం రోడ్డుని మింగి పదిహేడేళ్ళయింది. పాత బజారూ పోయింది. దాని బదులు తీరానికి అరకిలోమీటరు అవతల ఇనపకాళ్ళ మీద ఎత్తుసంత కట్టారు. పడవలో కూర్చుని సుభాషిణి కాసులమ్మ పాత నమోదులు తిరగేసింది. మొదటి మళ్ళీరాక, మాఘమాసం, కారణం ఉప్పు. రెండోది, వైశాఖం, కారణం ఉప్పు. రెండూ తను పలక మీద నొక్కినవే, రెండూ ఫోన్లో మాట్లాడి నొక్కినవే. చేపలమ్మే మనిషి, పూట పూటకీ ఎండుచేప వేయించుకుని ఉంటుంది, ఇంక వేరే అడగడానికేముందని.

మూడోసారీ రోగి తప్పే అని తేలితే హృదయశాల తలుపు తెరుచుకోదు. ఆ మనిషి ఇంటివరుసలోకి వెళ్ళిపోతుంది. ఇంటికే ఆక్సిజన్ సీసా, ఇంటికే సూది, రోజుకొక పలకరింపు. మాట వినని గుండెకి పడక ఇస్తే వినే గుండెకి పడక ఉండదనేది లెక్క. లెక్కలో తప్పు పట్టడానికి సుభాషిణికి ఇంతవరకూ ఏమీ దొరకలేదు.

కాసులమ్మ గోడకి చేరబడి పీట మీద కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడక రెండు రాత్రులుగా ఆమె అలాగే కూర్చునే కునుకు తీస్తోంది. సుభాషిణి ఆమె కాలి మీద బొటనవేలితో నొక్కితే గుంట పడింది, ఎంతసేపటికీ పూడలేదు.

"ఎండుచేప తిన్నావా అప్పా?" అక్కడివాళ్ళు అక్కని పిలిచినట్టే పిలిచి అడిగింది.

"నేదమ్మా."

"పచ్చడి?"

"నేదు."

"గంజిలో ఉప్పేసుకున్నావా?"

కాసులమ్మ తల అడ్డంగా ఊపింది. మాట్లాడడానికి ఊపిరి కూడగట్టుకోవలసి వచ్చింది. "మాగమాసం నుంచి నాలిక మీద ఉప్పు పడనేదు. నువ్వెన్నిసార్లడిగినా అదే సెప్పినాను."

అందరూ చెప్పే మాటే అది. సుభాషిణి లేచి వంటమూలకి వెళ్ళింది. మూడో నమోదుకి ఉప్పు సోదా తప్పనిసరి, ఫొటోతో సహా. ఒకరి వంటింట్లో చెయ్యి పెట్టడమంటే ఆమెకి మొదట్లో సిగ్గుగా ఉండేది, తర్వాత్తర్వాత అలవాటైపోయింది. అటక మీద చూసింది, ఉట్టి చూసింది. ఎండుచేప తోక కూడా లేదు. మూలన మూత బిగించిన జాడీ ఒకటి కనిపించింది, ఉప్పు జాడీయే. దొరికావు అనుకుంటూ మూత తీసింది.

అందులో మాత్రలున్నాయి. ఒంట్లో నిలిచిన నీటిని బయటికి లాగే తెల్లటి నీటిమాత్రలు, జాడీకి సగం దాకా. ఒక్క ఉప్పురాయి లేదు.

సుభాషిణి ఒకటి తీసి చూసింది, గూడు ఇచ్చే మాత్రే. మాత్రలగూడు రోజూ ఉదయం అయిదుకి తెరుచుకుని ఒక మాత్ర ఇస్తుంది, ఆరుకి మూసుకుంటుంది. గూడులోంచి తీసిన మాత్ర మింగిన మాత్రే అని పెద్దబుర్ర నమ్మకం. మాత్ర మింగుతున్నా నీరు పెరుగుతోందంటే ఇక మిగిలింది ఉప్పే. అలా అనుకోవడం దానికి నేర్పింది ఎవరు? తనే.

జాడీ తెచ్చి కాసులమ్మ ముందు పెట్టింది. "ఏంటప్పా ఇది? ప్రాణం మీదికి తెచ్చుకోవడానికేనా ఇవన్నీ దాచావు?"

కాసులమ్మ జాడీ వైపు చూడలేదు. కొంగు అంచు ముడివేస్తూ విప్పుతూ కూర్చుంది. తప్పు చేసినట్టు కాదు, సిగ్గుపడుతున్నట్టు.

"ఆ మాత్ర ఏసుకుంటే గంటకి నాలుగుసార్లు ఒంటికెల్లాలమ్మా. పొద్దున్న పది దాకా అదే పని. సంతలో ఎక్కడికెల్తాను?"

"మరుగుగదులు కట్టారు కదా అక్కడ, నాలుగు."

"కట్టినారు. రెండో ఏడే అందులో బేటరీలెట్టి తాలాలేసేసినారు. మొగోళ్ళు గట్టు సివర నిలబడిపోతారు. మాకేటి దారి?" ఊపిరి కోసం ఆగింది. "సీకటుండగా ఇంటికాడే ఎల్లి, మల్లా మద్దేన్నం ఇంటికొచ్చినదాకా బిగబట్టుకోడమే. నీల్లు కూడా తాగం. సంతలో ఆడోళ్ళందరిదీ అదే కత."

"ఇంటికొచ్చాక మింగొచ్చు కదా, మధ్యాహ్నం?"

"ఏల దాటిన మాత్ర పెమాదం అని గూడే అరుత్తాది కదమ్మా రోజూ. సదూకున్న గూడు, అబద్దమాడుద్దా? మింగితే సచ్చిపోతానేమోనని బయమేసి జాడీలో ఏసినాను. సంత సెలవు రోజుల్లో పొద్దున్నే మింగేదాన్ని."

"సంత మానేసి ఒక నెల ఇంట్లో ఉంటే?"

"మూడు రోజులు ఎల్లకపోతే కూకునే సోటు ఇంకోల్లకిచ్చేత్తారు."

"నాతో చెప్పొచ్చు కదా అప్పా ఈ మాట."

కాసులమ్మ అప్పుడు తలెత్తింది. "ఇలాటియ్యి మనమే ఎలాగ సెప్తామమ్మా. అడిగితే సెప్పేదాన్నేమో. నువ్వెప్పుడూ ఉప్పు గురించే అడిగినావు." ఊపిరి తీసుకుని, "సీతాలుని కూడా అదే అడిగినావు. అదీ ఇలాగే దాసీది, పసుపు డబ్బాలో," అంది.

సీతాలు కాసులమ్మ పక్కన కూర్చుని రొయ్యలమ్మేది. ఆమె మూడో ఉప్పు కూడా సుభాషిణి నొక్కిందే. ఇంటివరుసలో సీతాలు పదకొండు రోజులు బతికింది. పన్నెండో రోజు పలక మీద ఆమె గుండె బూడిద రంగులోకి మారింది. మాట విననివాళ్ళకి ఏం చేస్తామని ఆ రోజు సుభాషిణి మధ్యాహ్నం మామూలుగానే అన్నం తింది. ఇప్పుడు ఆ అన్నం గుర్తొచ్చింది.

పలక మోగుతోంది. ఊపిరి తడి నలభై నాలుగు. కారణం నమోదు చేస్తే తప్ప రోగిపడవ కదలదు. మూడు మీటలు వెలుగుతున్నాయి: ఉప్పు, నీళ్ళు, మాత్ర. ఉప్పు అని నొక్కితే అబద్ధం. మాత్ర మానేసిందని నొక్కితే నిజమే, కానీ అదీ రోగి తప్పు కిందకే వస్తుంది, మూడోసారి. ఏది నొక్కినా తలుపు తెరుచుకోదు. ఈ ఊపిరితో ఇంట్లో ఉంటే కాసులమ్మకి పదకొండు రోజులు కూడా ఉండవు.

వేలితో తెరని పైకి జరిపింది. అట్టడుగున, మాసిన అక్షరాల్లో నాలుగోది ఉంది. కాపరి తప్పు. ఆమె పదేళ్ళ ఉద్యోగంలో దాన్ని ఎవరూ నొక్కగా చూడలేదు. నొక్కితే ఏమవుతుందో మాత్రం శిక్షణలో చెప్పారు. ఆ చెయ్యి చేసిన నమోదులన్నీ అనుమానంలో పడతాయి, ఆ చెయ్యి కాపలా నుంచి తప్పుకోవాలి. ఆమెకి ఇంట్లో మంచాన పడ్డ భర్త ఉన్నాడు, ఉద్యోగం తప్ప ఆధారం లేదు. వేలు అలాగే గాలిలో ఆగింది. భయంగానే ఉంది, చాలా భయంగా ఉంది.

కాసులమ్మ పీట మీద ముందుకి వంగి, చేపలా నోరు తెరిచి గాలి అందుకుంటోంది. సుభాషిణి నొక్కేసింది. మాఘమాసపు నమోదు తెరిచి అక్కడా అదే నొక్కింది. వైశాఖంలోనూ. ఆఖరున సీతాలు పేరు తెరిచి మూడుసార్లూ నొక్కింది.

రోగిపడవ ఎనిమిది నిమిషాల్లో వచ్చింది. ఆక్సిజన్ తొడుగు ముక్కుకి పెట్టించుకుంటూ కాసులమ్మ, "మల్లా ఉప్పని రాసినావా అమ్మా?" అని అడిగింది.

"లేదప్పా. నా తప్పని రాశాను."

కాసులమ్మకి అర్థమైందో లేదో, చెయ్యి మాత్రం వదల్లేదు. పడవవాడు విడిపించాల్సి వచ్చింది.

పడవ మలుపు తిరక్కముందే, ఆ చుట్టుపక్కల కాపరులందరి మీదా ఉండే వలయాధికారి త్రినాథరావు ఫోన్ చేశాడు. చెడ్డవాడు కాదు. తండ్రి ఆ పాతరోజుల్లో హృదయశాల వరండాలోనే పోయాడు. పెద్దబుర్రని జిల్లాకి తెప్పించడానికి ఆయన పడిన పాట్లు అందరికీ తెలుసు.

"ఏం చేశారో తెలుస్తోందా సుభాషిణి గారూ? మీ చెయ్యి ఆదర్శపు చెయ్యి. మీరు ఉప్పన్నచోటల్లా మిగతా కాపరులకి కూడా పెద్దబుర్ర ఉప్పనే చెప్పింది. ఇప్పుడు వలయం మొత్తంలో ఉప్పుమాటనే వెనక్కి తీసేసుకుంటోంది. రెండువందల పన్నెండు మంది. అందులో ఇంటివరుసలో ఉన్న ముప్పై ఏడు మందికీ తలుపులు తెరుచుకున్నాయి."

"వాళ్ళు బతికే ఉన్నారా సార్?"

"ముప్పై ఏడూ బతికున్నవాళ్ళే. పోయినవాళ్ళని నేను లెక్కెట్టలేదు." గొంతు తగ్గించాడు. "నా దగ్గర ఖాళీ పడకలు ఇరవై రెండు. మిగతావాళ్ళని ఎక్కడ పెట్టమంటారు? వరండాల్లోనా? మీ నమోదు వెనక్కి తీసుకోవడానికి ఇంకా ఆరు నిమిషాలుంది. కాసులమ్మకి నేను నా పూచీ మీద పడక ఇప్పిస్తాను. ఆవిడ బతుకుతుంది, మీ ఉద్యోగమూ ఉంటుంది. ఎవరికీ తెలియక్కర్లేదు."

ఆశ పెట్టడం కాదది, నిజంగానే ఇప్పిస్తాడు. సుభాషిణి గడపలో కూర్చుంది. కాసులమ్మ బతికితే చాలదా అని ఒక్క క్షణం ఆమెకి నిజంగానే అనిపించింది. ఎదురుగా జాడీ ఉంది. ఇలాంటి జాడీలు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో ఆమెకి తెలియదు. తెలియదని తెలిశాక వెనక్కి ఎలా తీసుకోవడం?

"వరండాల్లోనే పెట్టండి సార్," అంది. "అందరికీ పడక అక్కర్లేదు. సగం మందికి మాత్ర వేళ మారిస్తే చాలేమో. ముందు సంతలో ఆ నాలుగు తాళాలు తీయించండి."

త్రినాథరావు ఫోన్ పెట్టేశాడు. తాళాలు తీయిస్తాడో, ఆమె తల తీయిస్తాడో తెలియదు.

గడువు దాటింది. పలక మీద పచ్చచుక్కలు చాలావాటికి రంగు పోయింది, తెల్లగా, ఏ సంగతీ తెలియనట్టు నిలబడ్డాయి. ఇన్నేళ్ళలో పెద్దబుర్ర ఆమెకి జవాబులు చెప్పడమే తప్ప ప్రశ్న అడిగింది లేదు. ఇప్పుడు అడిగింది: "ఉప్పు కాకపోతే కారణం ఏమిటి? పేర్లు: 212. అడిగి నమోదు చెయ్యండి. మీ చెయ్యి సాయంత్రం ఆరుకి కాపలా నుంచి తొలగించబడుతుంది."

అప్పటికి తొమ్మిదిన్నర. సుభాషిణి ముక్కు తుడుచుకుని మొదటి పేరు నొక్కింది. అరిజిల్లి పోలమ్మ, అరవై ఒకటి, ఇంటివరుస, ఆరో రోజు. ఫోన్ చాలాసేపు మోగింది. ఎత్తాక ముందు ఎగశ్వాస వినిపించింది, తర్వాత మాట. సుభాషిణి ఇంకా నోరు తెరవనేలేదు.

"ఉప్పు ముట్నేదమ్మా నాను. నా పిల్లల మీద ఒట్టు."