ఇల్లు మేడమ్ పేరు మీద

"సార్ రాలేదా మేడమ్?"

మునిరాజు నాతో అన్న మొదటి మాట అది. సర్జాపుర రోడ్డులో ఒక అపార్ట్‌మెంట్ గేటు ముందు, సన్నగా వాన పడుతుంటే, చేతిలో రెండు గొడుగులతో నిలబడి నా వెనక్కి తొంగి తొంగి చూస్తున్నాడు.

"ఏ సారు?"

"అదే... ఇల్లు కొనే సారు."

"ఇల్లు కొనేది నేను. లోను నాది, సంతకం నాది. సారే కావాలంటే వేరే పార్టీని చూసుకోండి!"

పాపం, తెల్లబోయాడు. రెండో గొడుగు ఏం చెయ్యాలో తెలీక రెండూ నాకే ఇచ్చేసి, "మీరు తడుస్తారు మేడమ్" అన్నాడు, తను నిలువునా తడుస్తూ.

నాకు ఒళ్ళు మండిందంటే మండదూ మరి! నా పేరు బ్లెస్సీ. మాది ఒంగోలు. ఇక్కడ ఒక ఆసుపత్రిలో ఐసీయూ నర్సుని. నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే ఇంటికొచ్చే ఆడపిల్లను చూస్తే అద్దె ఇంటి ఓనర్లకు ఎక్కడ లేని అనుమానాలూ పుట్టుకొస్తాయి. ఒకాయన "మీ బ్రదర్ వచ్చి మాట్లాడితే ఇల్లిస్తా" అన్నాడు. ఇంకొకావిడ నేను లేనప్పుడు తాళం తీసి నా గదంతా సోదా చేసింది. ఇదేంటని అడిగితే ఖాళీ చెయ్యమంది. ఆ రోజు సామాను ఆటోలో ఎక్కిస్తూ ఒట్టు పెట్టుకున్నాను. ఇక నన్ను ఖాళీ చెయ్యమనే హక్కు ఎవరికీ ఉండకూడదు.

నాన్నకు ఫోన్ చేస్తే, "పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి కొనుక్కోవచ్చు కదమ్మా" అన్నారు.

"అందాకా ఫుట్‌పాత్ మీద పడుకోనా నాన్నా?" అని పెట్టేశాను.

మునిరాజుది హొసకోటె దగ్గర ఒక పల్లె. కొనేవాళ్ళ తరఫున ఇల్లు వెతకడం, లాయరుతో కాగితాలు చూపించడం, బ్యాంకు పని, రిజిస్ట్రేషన్ అన్నీ చూసిపెట్టడం అతని ఉద్యోగం. తెలుగే మాట్లాడేవాడు కానీ, మొదట్లో కన్నడం కలిసిన ఆ తెలుగు నాకు సగమే అర్థమయ్యేది.

"ముందు బ్యాంకు ఎంతిస్తాదో చూస్తాం మేడమ్. ఇల్లు చూసి మనసు పారేసుకుంటే మల్ల బాధ."

నేను వినే రకమా? ఒక ఫ్లాట్ బాల్కనీ చూసి మనసు పారేసుకోనే పారేసుకున్నాను. లాయరు కాగితాలు చూసిన మర్నాడే మునిరాజు ఫోన్ చేశాడు.

"బాల్కనీ బాగుండాది. టైటిల్ బాగలేదు. వద్దు మేడమ్."

"నాకు నచ్చింది. మీకేం, మీ కమిషన్ మీకు వస్తుందిగా!"

"కమిషన్ యాడన్నా వస్తాది. ఎవడో కోర్టు కాగితం తెచ్చి మిమ్మల్ని మల్లీ ఖాళీ చెయ్యమంటే? అది నాకు వద్దు."

నా ఒట్టు సంగతి ఎప్పుడో మాటల్లో చెప్పాను. ఇతను గుర్తుపెట్టుకున్నాడే! ఆ రాత్రి డ్యూటీలో ఊరికే నవ్వుకుంటుంటే తోటి నర్సులు వింతగా చూశారు.

చివరికి పిల్లమ్మగారి ఫ్లాట్ దొరికింది. ఒకప్పుడు అక్కడ ఆవిడ రాగి చేను ఉండేదట. బిల్డర్‌కి ఇస్తే, ఆవిడ వాటాకి కొన్ని ఫ్లాట్లు వచ్చాయి. వాటిలో ఒకటి అమ్ముతున్నారు. టైటిల్ శుభ్రంగా ఉందని లాయరు చెప్పాడు. వంటింటి కిటికీలోంచి పొద్దుటి ఎండ తిన్నగా లోపలికొస్తోంది. ఇదే నా ఇల్లు అనుకున్నాను.

అడ్వాన్సు ఇచ్చే రోజున, వాళ్ళ పద్ధతి ప్రకారం పళ్ళెంలో ఆకువక్క, పళ్ళు పెట్టుకుని నేనూ మునిరాజూ వాళ్ళింటికి వెళ్ళాం. హాల్లో పిల్లమ్మగారి మరిది సొన్నప్ప కూర్చుని ఉన్నాడు. పిల్లమ్మగారేమో వంటింటి గుమ్మం దగ్గర, చాప మీద.

సొన్నప్ప నన్ను ఎగాదిగా చూశాడు. "మీ ఇంటాయన?"

"లేరు. పెళ్ళి కాలేదు."

"అయ్యో! ఒంటి మనిషి చేతి ఆకువక్క మేము తీసుకోమమ్మా. దంపతులు రావల్ల. లేకుంటే ఇంటికి అచ్చిరాదు. వేరే పార్టీ ఉండారు, వాళ్ళకిస్తాం."

ఇంతలో పక్కనుంచి మునిరాజు గబుక్కున అందుకున్నాడు.

"ఈమె నేను కట్టుకోబోయే ఆమే అప్పా. ఇద్దరం కలిసే ఇస్తాం, తీసుకో."

ఆ మాట వినగానే గుండె ఒక్క గంతు వేసింది. అందుకే ఇంకా కోపమొచ్చింది.

"కాదు పెద్దాయనా," అన్నాను. "నేను ఇల్లు కొనడానికొచ్చాను. ఈ ఇల్లు ఎవరి పేరు మీదుంది?"

"మా వదిన పేరు మీద."

"మరి ఆవిడనడగరేం?"

"అడిగేదేముండాది? మా అన్న పోయినాడు కదా. వదిన ఆకువక్క తీసుకోకూడదు."

"అయితే ఆవిడా ఒంటి మనిషే, నేనూ ఒంటి మనిషినే. సరిపోయింది."

"మేడమ్, వద్దు, ఇల్లు పోతాది..." అని మునిరాజు గొణుగుతున్నాడు. పోతే పోనీ! పళ్ళెం ఎత్తుకుని తిన్నగా చాప దగ్గరికెళ్ళి, ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

పిల్లమ్మగారు పళ్ళెం వైపు చూసి, మరిది వైపు తిరిగారు.

"సొన్నప్పా, ఈ చేను నా తండ్రి నా పేర రాసిచ్చినాడు. నేనే రాగి వేసినా, నేనే కోసినా. అప్పుడు దంపతులు రావల్ల అని ఎవరూ అనలే. ఇప్పుడు బిల్డింగ్ లేసినాక నా చెయ్యి పనికిరాకుండా పోయిందా?"

"అట్ల కాదు వదినా, నలుగురేమనుకుంటారు..."

"అనుకోనీ."

కొంగుతో చేతులు తుడుచుకుని పళ్ళెం అందుకున్నారు. అందుకోవడమే కాదు, ఒక ఆకు మడిచి, వక్క పెట్టి, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుని నమిలారు.

"ఇల్లు ఈ పాపకే. అగ్రిమెంటు రాయించు మునిరాజా."

బయటికొచ్చేసరికి వాన దంచికొడుతోంది. గేటు దాటకముందే మునిరాజు మీద విరుచుకుపడ్డాను.

"ఎవర్నడిగి చెప్పావు ఆ అబద్ధం?"

"ఇల్లు పోతాదని..."

"అబద్ధంతో కొన్న ఇల్లు నాదెలా అవుతుంది?"

"అబద్ధమని నేను అనలేదే."

"ఏంటీ?"

"ఏం లే. సుమ్నె, ఊరికే అన్నా." గొడుగు మొత్తం నా మీదకే వంచి, తను తడుస్తూ నడిచాడు.

రిజిస్ట్రేషన్ రోజున వేలిముద్ర వేసి, ఫోటో దిగి, ఇంటి యజమానురాలినై బయటికొచ్చాను. మునిరాజు మెట్ల మీదే ఆగిపోయాడు.

"మేడమ్, ఈ ఆఫీసులో పెళ్ళిళ్ళు కూడా రిజిస్టర్ చేస్తారు."

అర్థమైంది. అయినా అంత తేలిగ్గా వదుల్తానా? ఇళ్ళు చూసేటప్పుడు ఇతను నేర్పిన ప్రశ్నలే కదా!

"టైటిల్ క్లియరేనా?"

"క్లియర్."

"ఇంకెవరి దగ్గరైనా అడ్వాన్సు తీసుకున్నారా?"

"మామ కూతురొకటి ఉండె. వేరేవాణ్ని చేసుకోని, నాకు ఎన్‌ఓసీ ఇచ్చేసింది."

నవ్వు ఆపుకోవడం కష్టమైంది. "మీ అమ్మగారు?"

"ఏడుస్తాది. చర్చికి పోయే పిల్ల అంటాది, ఇల్లరికమా అంటాది, ఊరంతా నగుతారంటాది. నగనీ! మీరు ఆ పళ్ళెం ఎత్తుకోని పోతిరి చూడండి, ఆ పొద్దే నా భయం పోయింది."

"ఇల్లు నా పేరు మీదే ఉంటుంది."

"ఉండనీ."

"కోపమొచ్చి ఖాళీ చెయ్యమంటే?"

"మీరు ఏం చెప్పినా వింటా. అదొకటి మాత్రం వినను."

నాన్నకు ఫోన్‌లో అంతా చెప్పాను. "నీ ఇంటికి ఎప్పుడు రమ్మంటావమ్మా?" అన్నారు. "మీ ఇంటికి" అనలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పెళ్ళయిన వారానికి గ్యాస్ కనెక్షన్ ఇవ్వడానికి ఒకతను వచ్చాడు. తలుపు తీస్తే నా వెనక్కి తొంగి చూశాడు.

"సార్ లేరా మేడమ్? ఓనర్ సంతకం కావాలి."

నేను నోరు తెరిచేలోగా వంటింట్లోంచి కేక వినిపించింది.

"ఓనర్ నీ ఎదురుగ్గానే ఉండాది అప్పా! సారు ఈడ వంకాయలు తరుగుతా ఉండాడు!"