ఖాళీ పెట్టె మూత

2022వ సంవత్సరం, నవంబరు ముసురు. వారం నుంచి ఉదయగిరి కొండ కనబడలేదు. ఆత్మకూరు రోడ్డు పక్కన మా రేకుల షెడ్డులో వేపచెక్క పొట్టు తడిసి చేదు వాసన కొడుతోంది. నేను, నా కొడుకు షానవాజ్ శవపెట్టె చేస్తున్నాం.

పెట్టె అనంతసాగరం లిదియమ్మకు. ఆమె ఆత్మకూరు ఆసుపత్రిలో ఉంది. పొద్దు కుంకేదాకా కూడా ఉండదని డాక్టర్లు చెప్పేశారట. పొద్దున్నే ఆమె కూతురు సుస్మిత ఫోను చేసి, పెట్టె సిద్ధం చేసి ఉంచమని ఏడ్చింది.

పెట్టెలు చేసేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. మూత చేసి గోడకు నిలబెట్టాలి. మనిషిని పడుకోబెట్టాకే దాన్ని బిగించాలి. ఖాళీ పెట్టె మీద ఒక్క మేకు దిగినా, ఆ పెట్టె ఎవరినో ఒకరిని అడుగుతుందని మా అబ్బా, అంటే మా నాయన, చెప్పేవాడు. సుత్తితో పని చేసినన్నాళ్ళు ఆ తప్పు ఎవరూ చేయలేదు. సుత్తి ఎత్తి పొరపాటున మేకు దించేవాడు ఉండడు కదా.

గన్ను అలా కాదు.

ఆ ఎండాకాలం షానవాజ్ గాలి కంప్రెసరు, మేకులు కొట్టే గన్ను తెచ్చాడు. నాకు ఇష్టం లేదు. అయినా రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుని, దాంతో వచ్చిన జాగ్రత్తల కాగితం మొత్తం చదివాను. కళ్ళద్దాలు పెట్టుకోవాలి. కొట్టే క్షణం తప్ప ట్రిగ్గరు మీద వేలు ఉండకూడదు. మేకు ఇరుక్కుంటే ముందు గాలి పైపు ఊడదీయాలి. గన్ను మూతి దగ్గర ఒక ఇనుప నాలుక ఉంటుంది. అది చెక్కకు ఆని లోపలికి నొక్కుకుంటేనే మేకు వస్తుంది. దాన్ని ఎప్పుడూ కట్టేయకూడదు.

షానవాజ్ దాన్ని సైకిలు ట్యూబు ముక్కతో వెనక్కి లాగి కట్టాడు. ప్రతి మేకుకూ నొక్కాలంటే మణికట్టు లాగేస్తోందట.

"విప్పురా," అన్నాను.

"నువ్వు సుత్తితో ఒకటి కొట్టేలోపల నేను పెట్టె మూసేస్తా అబ్బా," అని నవ్వాడు.

కొలత సరిపోయిందో లేదో చూద్దామని మూత ఎత్తి పెట్టె మీద పెట్టాడు. గన్ను చేతిలోనే ఉంది. వేలు ట్రిగ్గరు మీదే ఉంది. ముందుకు వంగి మూత సర్దాడు.

టప్.

మేకు తల చెక్కలోకి దిగిపోయింది.

నా మొహం చూసి వాడి నవ్వు ఆగిపోయింది. ఏం కాదులే, పీకేద్దామన్నాడు. అంతలో నా ఫోను మోగింది. సుస్మిత. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"పెద్దాయనా, అమ్మ కండ్లు తెరిచినాది. కాఫీ అడిగినాది. పెట్టె వద్దులే."

సంతోషమమ్మా అని ఫోను పెట్టేశాను. పెట్టెకు మనిషి లేకుండా పోయింది. మేకు మాత్రం దిగి ఉంది.

ముందు గన్ను సంగతి చూశాను. కంప్రెసరు ఆపాను. పైపు ఊడదీశాను. మూతి నేలకు పెట్టి ట్రిగ్గరు నొక్కి, మిగిలిన గాలి వదిలాను. మేకుల పట్టీ బయటికి లాగాను. ఆ ట్యూబు ముక్కను కత్తితో కోసేశాను. ఆ కాగితంలో ఉన్నట్టే చేశాను. గన్నును దూరంగా బల్ల మీద పెట్టాను.

అప్పుడే కరెంటు పోయింది. సాయంత్రమే అయినా మబ్బుకు షెడ్డంతా మసక. రేకుల మీద వాన. ఇనుప కడ్డీ మూత కింద పెట్టి ఎత్తబోయాను. పెట్టె కదిలింది. షానవాజ్ దాని మీద వాలి, రొమ్ముతో అదిమి పట్టుకున్నాడు.

వాన ఒక్కసారిగా ఆగింది.

వేపచెక్క వాసన పోయి... తడి మట్టి వాసన వచ్చింది. కొత్తగా తవ్విన మట్టి. షెడ్డులో ఎక్కడా మట్టి లేదు.

టప్.

బల్ల వైపు చూశాను. గన్ను పెట్టిన చోటే ఉంది. పైపు లేదు. మేకులు లేవు.

టప్...

మూత అంచు మీద ఒక మేకు మొన పైకి లేచింది. దాని పక్కన ఇంకొకటి. వరసగా... మా చేతివాటం లాగే, సమానమైన ఎడంతో... పాదాల వైపు నుంచి తల వైపుకు వస్తున్నాయి.

షానవాజ్ కదల్లేదు. చెవి మూతకు ఆనించి ఉన్నాడు.

"అబ్బా," అన్నాడు గుసగుసగా. "లోపల్నుంచి బిగిస్తా ఉండారు."

"లెయ్‌రా. లేచి పక్కకు రా."

"రాలేకపోతా ఉండా."

వాడి చొక్కా పట్టుకుని లాగాను. రెండు చేతులా లాగాను. ఎవరో అవతలి నుంచి పట్టుకున్నట్టు బిగుసుకుపోయి ఉన్నాడు. చప్పుడు దగ్గరికొచ్చింది.

టప్.

టప్.

మూడోది మెత్తగా వినబడింది.

తర్వాత వాన మళ్ళీ మొదలైంది.

గన్ను జారి పేలి, మేకు వాడి రొమ్ములో దిగిందని పోలీసులు రాసుకున్నారు. ఊడదీసిన పైపు, మేకుల పట్టీ, కోసేసిన ట్యూబు ముక్క చూపించాను. పెద్ద వయసు, భయంలో గుర్తు లేదేమో అన్నారు. వాళ్ళే మూత ఊడబెరికించారు. పెట్టెలో ఏమీ లేదు. మూతను తిరగేసినప్పుడు, వాడు కొట్టిన మొదటిది తప్ప మేకుల తలలన్నీ లోపలి వైపు ఉన్నాయి. అది మాత్రం వాళ్ళు రాసుకోలేదు.

మాలో పెట్టె వాడరు. షానవాజ్‌ను కఫన్ గుడ్డలో చుట్టి మట్టికిచ్చాం. పెట్టెను షెడ్డు మూలకు నెట్టి, మూతను దూరంగా గోడకు నిలబెట్టాను. ఆ రోజు నుంచి షెడ్డుకు తాళం. తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది.

మొన్న మధ్యాహ్నం కోడలు రజియా పెరట్లో బట్టలు ఆరేస్తూ ఆగి, "మామా, షెడ్డులో ఎవరు పని చేస్తా ఉండారు?" అని అడిగింది. వెళ్ళి తాళం తీశాను. మూత పెట్టె మీద ఉంది. చుట్టూ పైకి లేచిన కొత్త మేకు మొనలు. రొమ్ము దగ్గర మాత్రం ఒక మేకంత చోటు వదిలి ఉంది.

లిదియమ్మ బాగుంది. ఇంతవరకు పోయింది నా కొడుకు షానవాజ్ ఒక్కడే. ఇరవై తొమ్మిదేళ్ళు.