వెయ్యి దాటితే

"వెయ్యి దాటితే పేలుతుంది. ముఠా కోడ్‌లో మనవాళ్ళు విప్పింది ఇంతే. వెయ్యి అంటే ఏంటయ్యా?" అన్నాడు చీఫ్.

ఏజెంట్‌కి తెలుసు. తెలిసిన క్షణంలోనే చెవులు వేడెక్కాయి.

"తెలీదు సార్."

"పదకొండింటికి మన పాత బిల్డింగ్ మూడో అంతస్తులో మన కోడ్ నిపుణులు ఎనిమిదిమంది కూర్చుంటారు. మీటింగు ఆపితే ముఠా జారుకుంటుంది. వెళ్ళి చూడు."

ఏసీ మెకానిక్ వేషంలో, భుజాన టూల్స్ సంచితో ఆ పాత బిల్డింగ్ మెట్లెక్కాడు. కరెంటు ఆదా కోసం పోయిన నెలే గదిగదికీ సెన్సర్లు బిగించారు. గోడ మీది తెల్ల డబ్బా మనుషులు వదిలే ఊపిరిని కొలుస్తుంది. అంకె వెయ్యి దాటితే గది నిండిందని లెక్క, ఏసీ జోరందుకుంటుంది. ఇదంతా అతనికి చెప్పింది సెన్సర్ల ఇంజనీరు. మన డిపార్ట్‌మెంటుకి కబుర్లు మోసే మనిషే. అవతలివాళ్ళకీ మోస్తుందని అతను అనుకోలేదు. "మీలా ఓపిగ్గా వినేవాళ్ళని చూళ్ళేదండీ," అంది. అంతే, ఆమె మనుషుల గేటు పాస్‌ల మీద చదవకుండా సంతకం పెట్టేశాడు.

కారిడార్‌లో ఆమే ఎదురొచ్చింది. నల్లకళ్ళద్దాలు, ఎర్ర స్కార్ఫ్.

"వేషం భలే కుదిరింది మెకానిక్ గారూ. కానీ మీరు నోరు విప్పితే ముందు మీ సంతకమే బయటికొస్తుంది," అని మెట్లవైపు నడిచింది.

గదిలో ఎనిమిదిమందీ ఉన్నారు. డబ్బా మీద 950. అతను ఫిల్టర్ తుడుస్తున్నట్టు నటించాడు. ఎనిమిది ప్రాణాలకన్నా తన పరువే బరువుగా తూగుతోందని తెలిసి తన మీద తనకే రోత పుట్టింది. అయినా చెయ్యి తుడుస్తూనే ఉంది. 985.

"ఎంతసేపయ్యా ఇంకా?" విసుక్కున్నాడు ముసలి నిపుణుడు. ఆ విసుగుకే 991 అయింది.

"ఊపిరి బిగబట్టండి! ఆ డబ్బాలో బాంబుంది. మీ ఊపిరికే పేలుతుంది. పెట్టినవాళ్ళని లోపలికి రానిచ్చింది నేనే!" అని అరిచాడు ఏజెంట్.

ఎనిమిది జతల బుగ్గలు ఉబ్బాయి. డబ్బా పక్కనే, ఆదా కోసం మేకులు కొట్టేసిన కిటికీ. స్పానర్‌తో బద్దలుకొట్టాడు. 998. 999. బయటిగాలి రివ్వున తగిలింది. 999. 940.

కింద మెట్ల దగ్గర చీఫ్ మనుషులు ఆమెని పట్టుకున్నారు.

"'తెలీదు' అన్నావు," అన్నాడు చీఫ్. తిట్టినా బాగుండేది.

సాయంత్రం అతని టేబుల్ మీదికి సెన్సర్ల రిపోర్టు వచ్చింది: మూడో అంతస్తులో ఏసీ నడుస్తుండగా కిటికీ తెరిచి కరెంటు వృథా చేశారు. బాధ్యుడు సంతకం చేయాలి.

ఈసారి రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.