మగ్గం గుంతలో ఓడ వెలుగు

అత్తిమంజేరిపేట నేతవీధిలో చివరి ఇంటి పక్కకు పొద్దుగూకినాక ఎవరూ పోయేవాళ్లు కాదు. ఆ పక్క తిరుత్తణి ఊళ్లు ఇంకా చిత్తూరు జిల్లాలో ఉన్న రోజుల మాట ఇది.

ఆ ఇంట్లో మగ్గం కింద కాళ్లు పెట్టే గుంతలోంచి పచ్చని వెలుగు వచ్చేది. దీపమైతే గాలికి ఊగుతుంది. ఇది ఊగదు... రెప్ప వెయ్యని కన్ను మాదిరి చూస్తా ఉంటుంది.

అక్కడ నేసిన గోవిందస్వామి చావు కూడా మంచి చావు కాదు. ముందు పళ్లు ఊడినాయి. తర్వాత దవడ వాచి కుళ్లింది. ఏ వైద్యుడూ జబ్బు పేరు చెప్పలేకపోయినాడు. మాట పడిపోయి, మగ్గం వైపే చెయ్యి చూపిస్తా పోయినాడు.

చీర సగంలో నిలిచిపోయింది. అది ముగించకపోతే నూలిచ్చిన షావుకారు మగ్గాన్నే విప్పుకొని పోతాడు. భార్య కమలమ్మకు నేత వచ్చు. ఆ గుంతలో కాళ్లు పెట్టే ధైర్యమే లేదు.

"మీ అన్న ఇంకా ఆడనే కూర్చోని ఉండాడు నాయనా," అని మరిది ద్వారకనాథ్ దగ్గర ఏడ్చింది.

తర్వాత జరిగింది ద్వారకనాథ్ నాకు చెప్పిందే.

అమావాస్య రాత్రి లాంతరు పట్టుకొని పోయినాడు. తలుపు తోసినాడో లేదో... లాంతరు ఆరిపోయింది.

గుంతలో వెలుగు. ఒకటి కాదు — కొన్ని. మనిషి కూర్చుంటే మోకాళ్లు వచ్చే చోట... గుండ్రంగా, పచ్చగా.

"అన్నా... నువ్వేనా?"

కళ్లు మూసుకొని చెయ్యి చాపినాడు. చల్లగా తగిలింది — గాజు!

గడియారం ముఖాల మాదిరి ఇత్తడి బిళ్లలు.

తెల్లారి పాత ఇనుము అమ్మే పచ్చయ్యప్ప వాటిని చూసి నవ్వినాడు.

"నేను ఇచ్చినవే సామీ! పట్నం రేవులో ముసలి యుద్ధపు ఓడను విప్పినారు. చీకట్లో ముల్లు కనపడేదానికి రేడియం పూసిన బిళ్లలు ఇవి. ఇనుము ఒకడు, రాగి ఒకడు ఎత్తుకొని పోయినారు. వీటిని ఎవరూ అడగలా. ఓడ విప్పిన ఖర్చంతా తీరిపోయింది, ఇవి ఊరికే మిగిలినాయి. కిరసనాయిలు లేకుండా నేస్తానని మీ అన్న తీసుకొని పోయినాడు."

గోవిందస్వామి కొన్ని బిళ్లల గాజు పగలగొట్టి, ఆ పూత గీకి, గంజిలో కలిపి, చీకట్లో తెలిసేటట్టు అంచు పోగులకు పట్టించినాడంట.

వీధంతా నవ్వింది. "ఏమబ్బా, ఓడ దెయ్యానికి ఈత వచ్చునా?" అని ద్వారకనాథ్‌ను ఆటపట్టించినారు. అతను బిళ్లల్ని ఏట్లో పారేసినాడు. కమలమ్మ గుంతలో కాళ్లు పెట్టింది.

పోగు తెగితే నేతగాళ్లు నాలికతో తడిపి, మెలేసి అతుకుతారు. గోవిందస్వామి కూడా అట్లనే అతికేవాడు. ఆ అంచు పోగులు మాటిమాటికీ తెగినాయి. తడిపి తడిపి నేసింది కమలమ్మ. చీర ముగిసింది. మగ్గం ఆమెకే మిగిలింది.

ఆ రాత్రి ద్వారకనాథ్ చూసి పోదామని వచ్చినాడు. ఆమె నవ్వతా దీపం ఊదేసింది.

"కిరసనాయిలు దండగ. కూర్చో నాయనా."

చీకట్లో ఆమె ముఖం కనపడలేదు.

నోరు కనపడింది...

"ఏమి నాయనా, పలకవే?" అని అడిగినాయి — ఆ పచ్చని పెదాలు.